గోంగూర గొడవల ఇన్నయ్య

ఇన్నయ్యకున్న జబ్బు ఒక్కటే, కూరల మీద పోట్లాట. తార్నాకలో కట్టుడు పళ్ళసెట్లు చేసే మనిషి తన పని తాను చూసుకోవచ్చు కదా. చూసుకోడు. బీరకాయలో బెల్లం వేస్తారా, కాకరకాయకు పులుసెందుకు అని వచ్చినవాళ్ళతో కయ్యం పెట్టుకుంటాడు.

నేను యూనివర్సిటీ హాస్టల్లో ముప్పై ఏళ్ళు వంట చేసినదాన్ని. నా కేకకు కందిపప్పు కూడా త్వరగా ఉడికేది. అలాంటి నా నోట్లో గడ్డ లేచింది. డాక్టర్లు గడ్డతోపాటు సగం అంగిలి తీసేశారు. ప్రాణం దక్కింది, నోరు పోయింది. నీళ్ళు తాగితే ముక్కులోంచి కారేవి. పప్పు అనబోతే మమ్ము అని వచ్చేది. వంటింట్లో ఎవరూ నవ్వలేదు, జాలిపడ్డారు. జాలి నాకు గిట్టదు. నోరు మూసుకున్నాను. సంతోషించినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ పేర్లు నాకు తెలుసు.

డాక్టరు కొలతలు పంపితే, ఆ రంధ్రం మూసే ప్లేటు ఇన్నయ్య చేశాడు. పై దవడకు తగిలించి గ్లాసుడు నీళ్ళిచ్చాడు. తాగాను. చుక్క కూడా ముక్కులోకి రాలేదు. హమ్మయ్య అనుకున్నాను, పైకి మాత్రం అనలేదు. నోరు విప్పడానికి ధైర్యం చాలలేదు.

"పెద్దమ్మా, మీ దిక్కోళ్ళకు గోంగూర పప్పు చేసుడు రాదు" అన్నాడు.

మాది తెనాలి. ఊరుకుంటానా? సగం ముక్కుతోనే కడిగేశాను. అతను తల వంచి విని, ప్లేటు తీయించి, అంచు అరగదీసి, మళ్ళీ పెట్టి, గోంగూరకు పోపే దండగన్నాడు. మళ్ళీ కడిగాను. ఇలా నాలుగు వారాలు, మధ్యలో బీరకాయ మీదా, కాకరకాయ మీదా కూడా.

అవి సమ్మె రోజులు, బస్సుల్లేవు. క్యాంపస్ నుంచి తార్నాకకు నడిచే వెళ్ళాను. మా కేకలు విని, ఊరేగింపులో పోతున్న విద్యార్థులు జెండాలతో లోపలికొచ్చారు.

"ఏమైందన్నా, తెలంగాణ గురించా?"

"కాదు బిడ్డా, గోంగూర గురించి."

వాళ్ళలో ఒకడు మా అమ్మ ఎల్లిపాయ వేస్తుందన్నాడు. ఇంకొకడు ఒప్పుకోలేదు. బయట ఊరేగింపు పావుగంట ఆగింది.

వాళ్ళను సాగనంపడానికి ఇన్నయ్య గుమ్మందాకా వెళ్ళినప్పుడు, బల్ల మీద తెరిచి ఉన్న నోటుపుస్తకం కంటబడింది. పైన ప్రమీలమ్మ అని నా పేరు. మూడో తరగతి చదువుతో కూడబలుక్కుంటూ చదివాను. ప, పక్కన పప్పు, పోపు. బ, బీరకాయ, బెల్లం. క, కాకరకాయ. అన్నిటికీ టిక్కులున్నాయి. గ ఒక్కటే మిగిలింది. దాని పక్కన, "గోంగూర మీద ఇంకా తిట్టించాలె."

అతను లోపలికి రాగానే నడుం మీద చెయ్యి వేసుకున్నాను.

"గోంగూర గురించి నీకేం తెలుసయ్యా?"

గ గంట కొట్టినట్టు పలికింది. ఇన్నయ్య పుస్తకంలో టిక్కు పెట్టుకున్నాడు. "అయిపాయె పెద్దమ్మా, ఇగ రానక్కర్లే."

మర్నాడు డబ్బా నిండా గోంగూర పప్పు తీసుకెళ్ళాను. రెండు ముద్దలు తిని, ఉప్పు తక్కువైందన్నాడు.

ఆ పూట అతను తిన్న తిట్లు మాత్రం ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు.