తల్లి చెట్ల జాబితా

ఫారెస్టు ఆఫీసులో అందరం ఆమెను చెట్ల పెద్దమ్మ అనేవాళ్లం. ఏడాదంతా వాన కురిసే ఆ అడవిలోనే పుట్టింది, బడి మొహం చూడలేదు. ఆకు నలిపి వాసన చూసి, బెరడు గీరి నాలుక మీద పెట్టుకుని చెట్టు పేరు చెప్పేసేది. నాలుగు వందల రకాలకు పైనే. మా సార్‌కి పుస్తకం తిరగేయకపోతే నాలుగు కూడా తెలియవు. అయినా కుర్చీ ఆయనది, గుమ్మం పక్కన బల్ల ఆమెది.

వాళ్ల జనంలో ఒక కట్టుబాటు ఉంది. గింజల కోసం వదిలేసిన ముసలి చెట్లను తల్లి చెట్లంటారు. వాటిమీద గొడ్డలి వేయరు, పరాయివాళ్లకు చూపించరు. అది తెలిసే మా సార్ గొంతులో తేనె నింపుకున్నాడు.

"ఎక్కడున్నాయో తెలిస్తేనే కదా పెద్దమ్మా కాపాడేది! కాగితం మీదికెక్కితే ఇంకెవడూ ముట్టుకోలేడు."

"వద్దే, వాళ్లని నమ్మకు" అని ఆమె సొంత అన్న మొత్తుకున్నాడు. ఆమె వినలేదు. నమ్మింది. అరవై మూడు చెట్లు చూపించింది. ఒక్కోదానికి నంబరు రేకు కొట్టాం. జాబితా రాసింది నేనే. ముత్యాల్లాంటి అక్షరాలని సార్ మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. సిగ్గులేని చేయి.

వాన తెరిపి ఇవ్వగానే లారీలు దిగాయి. కలప కంపెనీ మేస్త్రీ చేతిలో నా జాబితా నకలు! రేకులు చూసుకుంటూ వరసగా కోసుకుంటూ పోయారు. పండ్ల కోసం వచ్చే పెద్దముక్కు పిట్టలు రెండు రోజులు మొద్దుల మీద కూర్చుని, ఎటో పోయాయి. "మేం ఏళ్లు వెతికినా దొరికేవి కావండీ" అని మేస్త్రీ నాకు దండం పెట్టాడు. కంచే చేను మేసింది, నేను దగ్గరుండి మేపాను.

వాళ్ల అన్న పెద్దమ్మతో మాట్లాడటం మానేశాడు.

నెల తిరక్కుండా సార్ ఆమెను మళ్లీ పిలిపించాడు. ఆ మనిషికి సిగ్గూ శరం ఉంటేగా! అవతలి కొండ నుంచి తెచ్చిన కొమ్మను బల్లమీద పెట్టాడు.

"ఇదేంటో, దీని తల్లి చెట్టు ఎక్కడుందో చెప్పు పెద్దమ్మా."

ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"తెలీదు."

"నాటకాలా?"

"నాకు ఏ చెట్టూ తెలీదు సార్."

సార్ నావైపు తిరిగాడు. "నీకు నేర్పింది కదా, నువ్వు చెప్పు."

ఆ ఆకు నాకు తెలుసు. కిందటేడు నా చేతిలో పెట్టి, నలిపి వాసన చూడమన్నది ఆమే.

"నాకూ తెలీదు సార్."

పెద్దమ్మ లేచి వెళ్లిపోయింది. నావంక చూడలేదు. ఎందుకు చూస్తుంది?