టెంకాయ కొట్టిన చోటు

మా మేస్త్రీ పోయాడు. మొన్న మంగళవారం నంద్యాలలో నేను పనిచేసే ప్రింటింగ్ షాపులో ఒక పెళ్లిపత్రిక సరిచేస్తుంటే ఆళ్లగడ్డ నుంచి ఫోను వచ్చింది. "మేస్త్రీ ల్యాడప్పా. పొద్దున టీ తాగి పండుకున్న్యాడు, మళ్ల లెయ్యల్యా" అన్నాడు శిల్పాల షెడ్డు యజమాని. పత్రిక అట్లాగే వదిలేసి బస్సెక్కాను.

ఆళ్లగడ్డలో ఆ షెడ్డులోనే, ఆయన దగ్గరే నేను ఉలి పట్టడం నేర్చుకున్నాను. నేర్చుకున్నాను అనడం కంటే తిట్లు తిన్నాను అనడం న్యాయం. "రాయి మీద కోపం జూపియ్యద్దు, అది నీకేం జేసె?" అనేవాడు. తాను మాత్రం రాయిని వదిలేసి మా అందరి మీదా చూపించేవాడు. విగ్రహానికి పెదవులు చెక్కేటప్పుడు మాత్రమే నోరు మెదిపేవాడు కాదు. పసిబిడ్డ పాలమూతి తుడిచినట్టు తువ్వాలు కొసతో ఆ పెదవుల మీది దుమ్ము తుడిచేవాడు. ఈలోగా టీ చల్లారిపోయేది. ఆ చల్లటి టీ తాగి, టీ కొట్టువాణ్ణి తిట్టేవాడు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. కొత్త శిల్పి పనిలో చేరిన రోజు, అతను కూర్చునే చోట యజమాని టెంకాయ కొడతాడు. ఆ రోజు నుంచి ఆ చోటు అతనిది. ఊరికి పోయినా, జ్వరమొచ్చి రాకపోయినా ఇంకొకరు అక్కడ కూర్చోరు. మా మేస్త్రీ చోటు వెనక గోడ పక్కన. ఇప్పటి యజమాని తండ్రి కొట్టిన టెంకాయ అది.

నంద్యాలలో శిల్పం నేర్పే కేంద్రం ఒకటి పెట్టినప్పుడు, నేర్పడానికి ఆయనను రమ్మని పిలిచారు. పింఛను వచ్చే ఉద్యోగం. ఆయన భార్యను మేం అక్కా అని పిలిచేవాళ్లం. ఎప్పుడూ షెడ్డు గడప తొక్కని మనిషి, ఆ రోజు మా అందరి ముందరా వచ్చి బతిమాలింది.

"టెంకాయ కొట్టిన చోటు ఇడ్సిపెట్టి యాడికి పోవాల? దేవుళ్లు ఉన్నన్నాళ్లు రాతి పని ఉంటాది" అన్నాడాయన.

"దేవుళ్లుంటారు. నువ్వుంటావా ఆడ?" అనింది అక్క.

ఆయన నవ్వి ఉలి అందుకున్నాడు. మేమంతా ఆ మాటకు పొంగిపోయాం. ఉద్యోగానికి కాగితం ఉంటుందనీ, టెంకాయకు ఉండదనీ మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆ రోజు ఆయన వెళ్లి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ బాధే.

కొన్నేళ్లకు కంప్యూటరుతో నడిచే చెక్కుడు మిషను వచ్చింది. బొమ్మ అందులో ఎక్కిస్తే చాలు, నీళ్లు చిమ్ముకుంటూ తానే చెక్కుతుంది. దానికి గట్టి నేల కావాలి, పెద్ద కరెంటు తీగ కావాలి. రెండూ వెనక గోడ పక్కనే ఉన్నాయి. యజమాని చెడ్డవాడు కాదు. మేస్త్రీ ముఖం చూడలేక తప్పించుకు తిరిగి, చివరికి అన్నాడు: "అన్నా, నువ్వు యాడికీ పోవద్దు. మిషను ఎంత చెక్కినా, దేవునికి కండ్లు తెరిసేది నువ్వే."

మిషను దింపిన రోజు దానికి పసుపు కుంకుమ పెట్టి, అదే చోట టెంకాయ కొట్టారు. మేస్త్రీ చేతులు కట్టుకుని చూశాడు. "ఇంగ దాని చోటు దానిది. పద్ధతి పద్ధతే గదా" అన్నాడు. ఆయన ఆ రోజు మమ్మల్నందరినీ తిట్టి ఉంటే కొంచెం ఊపిరాడేది.

కండ్ల పని కూడా ఎన్నాళ్లో ఉండలేదు. కొనేవాళ్లు అవీ మిషను మీదే చేసిమ్మన్నారు. అయినా ఆయన రోజూ వచ్చి గేటు దగ్గర స్టూలు మీద కూర్చునేవాడు. నేను అప్పటికే ఉలి వదిలి నంద్యాలలో డిజైన్ల పనిలో కుదురుకున్నాను. కుదురుకున్నానని అనుకున్నాను. పోయిన వేసవిలో చూడటానికి వెళితే అడిగాడు.

"నీ పని ఎట్లుండాదప్పా?"

"డిజైను అచ్చుకొచ్చేటోళ్లే ఫోన్లో చేసుకొని తెస్తాండారు మేస్త్రీ. నేను పేర్లు మారుస్తాండా, అంతే."

ఆయన స్టూలు నా దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఇంగో పని గూడా చేతిలో పెట్టుకో. నాకు మీ యక్క చెప్పె. నేనే యినల్యా" అన్నాడు. ఆయన నాకు నేర్పిన చివరి పాఠం అదే. అంత మెల్లగా ఆయన ఏదీ నేర్పలేదు.

మంగళవారం సాయంత్రం ఆయనను మోసుకుపోతూ షెడ్డు ముందర దించాం. మిషను ఆపేశారు. శిల్పులంతా దుమ్ము చేతులతోనే వచ్చి దండం పెట్టారు. యజమాని చంటిపిల్లవాడిలా ఏడ్చాడు. మళ్లీ భుజానికెత్తుకుని నాలుగడుగులు వేశామో లేదో, వెనక మిషను మొదలైంది. పొద్దుమునిగేలోగా విగ్రహం లారీ ఎక్కాలంట. ఎవరం వెనక్కి తిరగలేదు. రాతిపొడి కలిసిన బూడిదరంగు నీళ్లు గేటు కింద నుంచి వచ్చి, రోడ్డు పక్కన మా వెంటే పారి, మాకంటే ముందు మలుపు తిరిగాయి.