మామగారి కౌన్సిలు రద్దయిన ఏడాది

పోయిన నెలలో ఒక ఉదయం మున్సిపల్ ఆఫీసు నుంచి ఎవరో ఫోను చేసి, పాత కౌన్సిలు హాలు పడగొట్టేస్తున్నారనీ, గోడల మీది మాజీ చైర్మన్ల ఫోటోలన్నీ దించి వరండాలో పెట్టామనీ, మా మామగారిది మేం తీసుకెళ్తామంటే ఇచ్చేస్తామనీ చెప్పారు. మావారికి మోకాళ్ల నొప్పులు, అందుకని నేనే ఆటోలో వెళ్లాను. అద్దం మీద పేరుకున్న దుమ్ము చీరకొంగుతో తుడుస్తుంటే ఖద్దరు చొక్కా, వెడల్పాటి నుదురు, ఫోటో తీసేటప్పుడు కూడా నవ్వు ఆపుకోలేని ఆ మొహం మెల్లగా బయటపడ్డాయి. పక్కన నిలబడ్డ గుమస్తా అమ్మాయి, ఈయన ఎప్పుడు చేశారండీ అని మర్యాదగానే అడిగింది. తొంభైల చివర్లోనమ్మా, మధ్యలోనే కౌన్సిలు రద్దయిపోయింది అన్నాను. ఎందుకు రద్దయిందని ఆ అమ్మాయి అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నా అని ఇంటికొచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ రోజులు చూసిన నా ఈడువాళ్లకైతే చెప్పుకోగలననిపించి ఇది రాస్తున్నాను.

మాది పాలకొల్లుకి దగ్గర్లో, కాలవ పక్కన పెరిగిన ఊరు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే మా మామగారంటే ఊరికి బాబుగారు. పొలాలు కౌలుకిచ్చేసి, పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల పనులే తన పనులుగా తిరిగేవారు. ఏ ఇంట్లో పురుడొచ్చిందో, ఎవరి పిల్లకి సంబంధం కుదిరిందో, ఏ ముసలాయనకి పింఛను ఆగిపోయిందో అన్నీ ఆయనకి నోటికి వచ్చు. చైర్మనుగా గెలిచాక మా వీధరుగు ఇంక ఇంటివాళ్లది కాకుండా పోయింది. తెల్లారేసరికి అరుగు నిండా జనం. నేను మున్సిపల్ బాలికల హైస్కూల్లో సైన్సు టీచరుని. బడికి వెళ్లేలోపు ఆ వచ్చినవాళ్లందరికీ కాఫీలు కాచి పంపాలి. ఒక్కరికి అందకపోయినా ఆయన స్వయంగా వంటింటి గుమ్మం దాకా వచ్చి, అమ్మాయ్, అక్కడ స్తంభం పక్కన ఒకాయన మిగిలిపోయాడమ్మా అని చెప్పి వెళ్లేవారు.

ఆయనకి రానిది ఒక్కటే, కుదరదు అనే మాట. ఎవరొచ్చి ఏమడిగినా చూద్దాంలే అనేవారు. ఆ మాట పట్టుకుని వాళ్లు పని మొదలెట్టేసేవారు. మా మెయిన్ బజారు పొడుగునా ఊరి మురుగంతా మోసే పెద్ద కాలవొకటి ఉండేది. దానిమీద పలకలు పరిచి ఒకరు కిళ్లీ కొట్టు పెట్టారు, ఇంకొకరు చెప్పుల కొట్టు పెట్టారు, అలా అలా రెండేళ్లు తిరిగేసరికి అసలక్కడ కాలవ ఉందన్న సంగతే జనం మర్చిపోయారు. వాటిల్లో ఒక గాజుల కొట్టు ఉండేది. ఆవిడ మొగుడు కొబ్బరిచెట్టు మీంచి పడి పోతే, చంకలో పిల్లతో వచ్చి అరుగు కింద నిలబడింది. మా మామగారు ఆ మధ్యాహ్నమే వెళ్లి చోటు చూపించి, ఎండలో నిలబడి పలకలు వేయించారు. మా అత్తగారూ నేనూ ఆ తరవాత ఎప్పుడూ గాజులు ఇంకెక్కడా తొడిగించుకోలేదు. మట్టిగాజులు ఎక్కిస్తున్నప్పుడు ఆవిడ చేతికి నొప్పి తెలియనిచ్చేది కాదు.

ఊరు మాత్రం నానాటికీ దిగజారిపోయింది. చెత్త ట్రాక్టర్లు షెడ్డులోంచి కదిలేవి కావు. వీధిదీపాలు సగం వెలిగేవి కావు. వానొస్తే బజారంతా మోకాల్లోతు మురుగు. పంపుల్లో రోజు విడిచి రోజు వచ్చే నీళ్లకి పసుపురంగు, ఏదో వాసన. మేం గుడ్డతో వడకట్టి, కాచి తాగేవాళ్లం. కాచుకోవడానికి పొయ్యిలో కట్టెలు లేనివాళ్ల సంగతి ఆ రోజుల్లో నేనూ ఆలోచించలేదు.

అలాంటి రోజుల్లోనే ఒక వేసవిలో, కాలవలకి నీళ్లు ఆపేసినప్పుడు, మంచినీళ్ల చెరువు అడుగంటింది. కాలవగట్టు పేటలో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. నా తొమ్మిదో తరగతిలో ముందు బెంచీలో కూర్చునే పిల్ల ఒకతి, బొమ్మలు చక్కగా వేసేది, పువ్వు భాగాలు వేయమంటే పువ్వు మీద తుమ్మెదని కూడా వేసిచ్చేది, ఆ జబ్బుతో పోయింది. ఆ పేటలో మరికొందరు కూడా పోయారు. మా మామగారు ప్రతి ఇంటికీ వెళ్లి నేలమీద కూర్చుని వాళ్లతోపాటు ఏడ్చారు. ఆ పిల్ల తండ్రి చర్చి ముందు ఆయన భుజం మీద తల పెట్టుకుని, బాబుగారూ, మీరొచ్చారు చాలండి అన్నాడు. పక్కనే నిలబడ్డ నాకు, ఈయన రావడం చాలడమేంటి, రావలసింది మంచినీళ్లు కదా అనిపించింది. ఆయన మీద నాకు కోపం రావడం అదే మొదటిసారి.

ఆ తరవాత పైనుంచి అధికారులొచ్చి చూసి వెళ్లారు. కొన్నాళ్లకి ప్రభుత్వం కౌన్సిలుని రద్దు చేసి ప్రత్యేకాధికారిని వేసింది. ఆ వార్త పేపర్లో వచ్చిన ఉదయం అత్తగారు దేవుడి గదిలో కూర్చుండిపోయారు. అరుగు మీద ఇద్దరో ముగ్గురో తప్ప ఎవరూ రాలేదు. వంటింట్లో చిన్న గిన్నెలో కాఫీ పెడుతూ, ఇంక ఇంతమందికి కాయక్కర్లేదన్నమాట అనుకున్నాను. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి ఇప్పటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. ఇంటిపెద్ద అవమానంతో కూలబడిన రోజున ఆ ఇంటి కోడలు పొయ్యి దగ్గర ఊపిరి పీల్చుకుంది.

వచ్చిన స్పెషలాఫీసరు గారు పొట్టిగా, బక్కపలచగా ఉండేవారు. ఉబ్బసం మనిషి, నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకునేవారు. నవ్వడం ఎవరూ చూడలేదు. మనుషుల పేర్లు ఆయనకి గుర్తుండేవి కావు, వార్డు నంబర్లతోనే మాట్లాడేవారు. ఎవరింటికీ వెళ్లలేదు, ఎవరింట్లోనూ మంచినీళ్లు కూడా ముట్టలేదు. కానీ వారం తిరక్కుండా ట్రాక్టర్లు షెడ్డులోంచి బయటికొచ్చాయి. స్తంభాలకి దీపాలు వెలిగాయి. పొద్దున్నే చీపుళ్ల చప్పుడుకి మెలకువ రావడం మొదలైంది. ఊళ్లో ప్రతి మనిషినీ పేరుపెట్టి పిలిచే ఆయన చేతిలో జబ్బుపడిన ఊరు, ఒక్కరి పేరూ తెలియని మనిషి చేతిలో లేచి కూర్చుంటుంటే, బడికి వెళ్లే దారిలో నాకు సంతోషం ఆగేది కాదు. ఇంటి గుమ్మంలోకి వచ్చేముందు ఆ సంతోషాన్ని మొహంలోంచి తుడుచుకుని లోపలికొచ్చేదాన్ని.

పంపునీళ్లు ఎక్కడ చెడుతున్నాయో చూడ్డానికి వీధి వీధీ తిరగాలని టీచర్లకి పని అప్పగించారు. మా హెడ్మిస్ట్రెస్ గారు నన్ను పక్కకి పిలిచి, మీకు ఇబ్బందైతే పేరు తీసేస్తానమ్మా అన్నారు. అక్కర్లేదండి, వెళ్తాను అన్నాను. పదో తరగతికి వచ్చినా పిల్లలు ముందు బెంచీలో ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంచేవారు.

బజారులో మా వెంట వచ్చిన పంపుల ఫిట్టరు గాజుల కొట్టు వెనక పలక ఒకటి పెకలించాడు. కింద నల్లటి మురుగు, అందులో మునిగి ఊరికి మంచినీళ్లు తీసుకెళ్లే పైపు. తుప్పు పట్టి, చిల్లులు పడి, చిల్లుల మీద సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి ఉంది. నీళ్లు వదిలినప్పుడు పరవాలేదట, కట్టేశాక ఆ చిల్లుల్లోంచి మురుగు లోపలికి పీల్చుకుంటుందట. గాజులావిడ కొట్టులోంచి తొంగి చూసి, ఏంటండీ అమ్మా, వాసనొస్తోంది, త్వరగా మూసెయ్యండి, బేరాలు పోతాయి అంది. ఫిట్టరు చేత పలక మూయించి వచ్చేశాను.

కొట్లు ఖాళీ చెయ్యమని నోటీసులొచ్చాయి. ఆ మర్నాడు చాలాకాలం తరవాత మా అరుగు మళ్లీ నిండింది. కొట్లవాళ్లంతా వచ్చారు. బాబుగారూ, మీరు ముందుండి హైకోర్టుకి వస్తే స్టే వస్తుందండి, ఇది మీమీద కక్షేనండి, మా పొట్టలు కొట్టి మీ పేరు చెడగొట్టాలనేనండి అన్నారు. మా మామగారి మొహంలో ఆ వేళ వెలుగొచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కాఫీలు పంపమన్నారు. రేపు చెప్తానని వాళ్లని పంపేశారు.

ఆ సాయంత్రం ఆయన భోజనానికి కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను. చారు పోసుకుంటూ తల ఎత్తకుండా అడిగారు.

"అమ్మాయ్, నువ్వు చూశావంట కదా. నిజంగా ఆ పైపు మురుగులోనే ఉందా?"

"ఉందండి మావయ్యగారూ. నా కళ్లతో చూశాను."

"వీళ్లు కక్ష అంటున్నారు."

"కక్ష కాదండి. కొట్లుంటే పైపు మార్చడం కుదరదు. ఆ నీళ్లు తాగే మా బడి పిల్ల పోయింది."

ఆయన చారన్నం అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నారు. అత్తగారు నావైపు ఒక్కసారి చూసి కంచం తీసుకెళ్లిపోయారు. నేను చెప్పిన దాంట్లో తప్పు లేదు. కానీ పరీక్షలో తప్పు రాసిన పిల్లకి ఎర్రసిరాతో కొట్టేసి ఇచ్చినట్టు చెప్పాను. ఎన్నాళ్లనుంచో లోపల దాచుకున్న కోపమంతా ఆ గొంతులో ఉంది. ఆయనకది వినపడకుండా ఎలా ఉంటుంది.

మర్నాడు అరుగు మీద నిలబడి, కోర్టుకి రావడం కుదరదయ్యా, కొట్లు తీసెయ్యండి, తప్పు నాది, ఆ చోటు మీకివ్వడమే నేను చేసిన తప్పు అని చెప్పారు. కుదరదు అనే మాట ఆయన నోట రావడం ఊరు వినడం అదే మొదలు. మీరే ఇచ్చారు, మీ కోడల్ని పంపించి మీరే పీకించారు అని ఒకాయన మొహం మీదే అనేసి వెళ్లాడు. కొట్లు తీసిన రోజు ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బజారుకి వెళ్లి, గాజులావిడ పక్కన నేలమీద కూర్చుని, గాజులు డజన్ల లెక్కన ఎండుగడ్డిలో చుట్టి బుట్టల్లో సర్ది పెట్టారట. మావారు చూసి వచ్చి చెప్పారు. నేను ఆ పూట బడి నుంచి ఆ దారిన రాలేదు.

ఊరి చివర బైపాసు దగ్గర వాళ్లకి చోట్లిచ్చారు. అక్కడికి గాజులు కొనడానికి ఎవరొస్తారు. కొన్నాళ్లు చూసి ఆవిడ పిల్లని తీసుకుని రావులపాలెం అక్కగారి దగ్గరికి వెళ్లిపోయిందనీ, అరటిగెలల మార్కెట్లో కూలికి పోతోందనీ విన్నాం.

కొత్త పైపుల్లో నీళ్లు వదిలిన రోజు బడి మైదానంలో సభ పెట్టారు. టీచర్లందరినీ స్టేజీ మీద కూర్చోబెట్టారు. స్పెషలాఫీసరు గారు ఊపిరి తీసుకుంటూ తీసుకుంటూ మాట్లాడుతుంటే, జనంలో వెనకగా, ఎవరూ కుర్చీ ఇవ్వక, చేతులు కట్టుకుని నిలబడ్డ మా మామగారు కనపడ్డారు. దిగి వెళ్లి నా కుర్చీ ఆయనకివ్వాలనిపించింది. లేవలేదు. అందరితోపాటు చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చాక గ్లాసుతో నీళ్లిస్తే ఆయన వెలుతురుకి పెట్టి చూసి, తేటగా ఉన్నాయమ్మా అని తాగారు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు. ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

ఆ ఏడాది నుంచి ఊళ్లో ఆ జబ్బు మళ్లీ రాలేదు. మా అరుగు మీదికి జనమూ మళ్లీ రాలేదు. ఎన్నికలు పెట్టినప్పుడు ఆయన పోటీ చెయ్యలేదు, చెయ్యమని ఎవరూ అడగలేదు కూడా. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, దారినపోయేవాళ్లని పేరుపెట్టి పలకరించేవారు. కొందరు ఆగేవారు, కొందరు వినపడనట్టు వెళ్లిపోయేవారు. అలా కొన్నేళ్లు గడిచి, ఒక వర్షాకాలంలో పోయారు.

దినాల్లో ఒక మధ్యాహ్నం గాజులావిడ వచ్చింది. అరచేతులు అరటి జిగురుకి నల్లబడిపోయి ఉన్నాయి. బోసిపోయిన మా అత్తగారి చేతులు పట్టుకుని ఏడ్చింది. వెళ్లేటప్పుడు నేను గుమ్మం దాకా వచ్చాను.

"ఆ రోజు గాజులు సర్దుతూ బాబుగారు నాకంతా చెప్పారండి. మీరు నిజమే చెప్పారంట. పిల్లలు పోతున్నప్పుడు చెప్పకుండా ఎలా ఉంటారులెండి. నాకు కోపం లేదండి."

ఆవిడ మెట్టు దిగి మళ్లీ ఆగింది.

"ఒక్కటి అడుగుతానండి, ఏమీ అనుకోకండి. ఆ మాట చెప్పేటప్పుడు, మేం ఎక్కడికి పోతామని మీకు గుర్తొచ్చిందా అండీ?"

గుర్తొచ్చిందని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడ చెప్పులు తొడుక్కుని, ఆయ్, వెళ్లొస్తానండి అని వెళ్లిపోయింది. మళ్లీ మా ఊరు వచ్చినట్టు వినలేదు.

ఇప్పుడు మా ఊరు బాగుంది. మురుగు కాలవకి రెండు పక్కలా సిమెంటు గోడలు కట్టారు, బజారు వెడల్పయింది. వీధిలో దీపం ఆరిపోతే ఫోన్లో నొక్కితే చాలు, మీ ఫిర్యాదు పరిష్కరించబడినది అని మెసేజీ వస్తుంది. ఒక్కోసారి దీపం వెలక్కుండానే వస్తుంది. ఎవరినడగాలో తెలీదు, అడిగితే చూద్దాంలే అనేవాళ్లు కూడా లేరు. అరుగులు తీసేసి అందరం గేట్లు పెట్టుకున్నాం. మంచినీళ్లు టిన్నుల్లో కొనుక్కుంటున్నాం. అంత గొడవతో వచ్చిన పంపునీళ్లతో వాకిళ్లు కడుక్కుంటున్నాం.

ఊరు మారాలనే నేను కోరుకున్నాను, మారింది. దాని గురించి నాకు పేచీ లేదు. కానీ ఒక ఇంటి కోడలు చెప్పిన ఒక్కమాట నమ్మి, తనకి మిగిలిన మనుషులందరినీ వదులుకున్న పెద్దాయన్ని నేను చూశాను. ఒకరి మాట అంతగా నమ్మేవాళ్లు ఇప్పుడు నాకెవరూ కనపడరు. అలాంటి మనిషి చారన్నం ముందు కూర్చుని తల ఎత్తకుండా నన్ను అడిగినప్పుడు, నేను ఆయన పక్కన పీట వేసుకుని కూర్చుని, అదే మాట ఇంకొంచెం మెల్లగా చెప్పి ఉండాల్సింది.