చీటీ తీయని గౌను

కత్తెరక్కకు ఆ పేరు కుట్టుపని వల్ల వచ్చిందా, నోటి వల్ల వచ్చిందా అని వీధిలో ఎవరినడిగినా రెండోదే అంటారు. కానీ ఇరవై ఏళ్లలో ఒక్కరి బట్టా ఇంకొకరికి ఇచ్చి ఎరుగదు. గుడ్డ చేతికి రాగానే పేరు, ఇంటి నంబరు, అంతస్తు రాసిన చీటీ గుండుసూదితో గుచ్చేస్తుంది. బట్ట ఇల్లు చేరేదాకా ఆ చీటీ ఊడదు. చీటీ లేని బట్ట దిక్కులేని బట్ట అంటుంది.

ఆవిడ కత్తిరింపు బల్ల కింద ఒక పాత కంప్యూటరు గురగురలాడుతూ ఉంటుంది. దుమ్ము పడకుండా దానికీ ఒక పూల ముసుగు కుట్టింది. వీధివాళ్లు కబుర్లు, ఫొటోలు పెట్టుకునే 'అరుగు' అందులోనే ఉంది. మునుపు అందరూ ఒక పెద్ద కంపెనీ వాళ్ల సైట్లోనే కబుర్లాడుకునేవారు. ఒకనాడు వాళ్లు ఏ కారణమూ చెప్పకుండా ఈవిడ ఖాతా మూసేశారు. తొమ్మిదేళ్ల డిజైన్ల ఫొటోలు గాలిలో కలిశాయి. అడుగుదామంటే అటువైపు మనిషే లేడు. అప్పుడు పట్టుబట్టి నేర్చుకుని సొంత అరుగు పెట్టుకుంది. ఆవిడను చూసి చుట్టుపక్కల వీధులవాళ్లూ పెట్టుకున్నారు. ఎవరి అరుగుకు వారే యజమాని. ఒక అరుగు మీది మాట మిగతావాటికీ వెళ్తుంది, వెళ్లినచోటల్లా దాని నకలొకటి నిలిచిపోతుంది.

ఆ రోజు పదకొండింటికి కత్తెరక్క ఒక పసిపిల్ల గౌను ఫొటో పెట్టింది. కుచ్చిళ్లు అంత ముచ్చటగా కుదిరాయి మరి. పన్నెండున్నరకు ఆ పిల్ల తల్లి, ఎదురు మేడలో మూడో అంతస్తులోకి కొత్తగా వచ్చినామె, బిడ్డను చంకనేసుకుని చెప్పులైనా లేకుండా కొట్లోకి వచ్చింది.

"అక్కా, ఆ ఫొటోలో గౌనుకు చీటీ ఉంది."

"ఉండకపోతే ఎలా..." అంటూనే కత్తెరక్క ఆగిపోయింది.

"నా పేరు, ఇంటి నంబరు అన్నీ కనబడుతున్నాయి. మేం ఇక్కడున్నట్టు మా ఆయనకి తెలీదక్కా. తెలీకూడదనే వచ్చేశాను. పోయినసారి చెయ్యి విరగ్గొట్టాడు."

 కత్తెరక్క వెంటనే ఫొటో తీసేసింది. మీ నకలు కూడా తీసేయండన్న కబురు మిగతా అరుగులకు దానంతటదే వెళ్తుంది. అయినా మనసు ఆగక ఒక్కో యజమానికీ ఫోన్ చేసింది. మందులషాపాయన పోయిందన్నాడు. బడి పంతులమ్మ పోయిందంది. ఏడుగురూ అదే మాట.

"మీ ఆయన ఏ అరుగు మీద ఉంటాడు తల్లీ?"

"గడియారాల మామ వాళ్ల దాని మీద."

కత్తెరక్క ఫోన్ చేయనిది గడియారాలు బాగుచేసే ఆ మామ ఒక్కడికే. రెండు నెలల కిందట మామ తన అరుగు మీద, కత్తెరక్క కుట్టిన జాకెట్టు వేసుకుంటే ఊపిరి వంతులేసుకుని పీల్చుకోవాలని రాశాడు. నలభై మంది నవ్వారు. ఈవిడ ఆ అరుగునే వెలివేసింది. ఇక్కడి మాట అక్కడికి పోదు, అక్కడిది ఇక్కడికి రాదు. కానీ పంతులమ్మ గౌను చూసి ముచ్చటపడి తన అరుగు మీద మళ్లీ పెట్టింది. ఆ అడ్డదారిన ఫొటో మామ దగ్గరికి చేరింది. తీసేయమన్న కబురు మాత్రం కత్తెరక్క అరుగు నుంచి నేరుగానే వెళ్లాలి, దానికి దారి లేదు. ఆ తలుపు మూసింది తానే.

మామ అరుగు తెరిచి చూస్తే గౌను అక్కడే ఉంది, చీటీతో సహా. ఫోన్ చేసింది. మామ ఎత్తలేదు. మళ్లీ చేసింది, కట్ చేశాడు.

"షట్టరు దించుకుని కూర్చో. నా గొంతు వింటేనే తియ్యి," అని ఆ తల్లికి చెప్పి, మెడలోని టేపైనా తీయకుండా మూడు వీధులు పరుగులాంటి నడక నడిచింది.

మామ కంటికి భూతద్దం బిగించి వాచీ విప్పుకుని ఉన్నాడు. తలెత్తలేదు.

"వెలివేసినవాళ్ల గడప తొక్కారేం?"

"తిట్లన్నీ తర్వాత తిట్టు మామా. ముందు నా గౌను తీసెయ్."

"నీ గౌను నా దగ్గరెందుకుంటుందే తల్లీ, మీ అత్త వింటే కొంప మునుగుతుంది."

ఆవిడ నవ్వలేదు. సంగతంతా రెండు ముక్కల్లో చెప్పింది. "చీటీ నాదే, తలుపు మూసిందీ నేనే. ఆ పిల్లదేం తప్పు లేదు."

మామ భూతద్దం తీశాడు. విప్పిన వాచీని అలాగే వదిలేసి కంప్యూటరు ముందుకు జరిగాడు. గౌను పోయింది.

"ఆ మనిషి ఇవాళ నీ అరుగు మీదకొచ్చాడా?"

మామ వేలుతో వరసలు దిగుతూ చూశాడు. "పొద్దున ఎనిమిదికి వచ్చిపోయాడు. అప్పటికింకా గౌను లేదుగా." వేలు ఆగింది. "మళ్లీ... ఇదిగో, ఇప్పుడే వచ్చాడు."

ఇద్దరూ ఒక్కసారే తలెత్తి గోడకేసి చూశారు. గోడ మీద ఇరవై గడియారాలు ఇరవై టైములు చూపిస్తున్నాయి.

"దాన్నెందుకు చూస్తావు? తీసేసిన రెండు నిమిషాలకు వచ్చాడు, ఇక్కడ రాసుంది," అన్నాడు మామ.

కత్తెరక్క తిరిగొచ్చి ఆ తల్లికి ఉన్నదున్నట్టు చెప్పింది. "మీ ఆయన చూడలేదు. కానీ ఈలోగా ఎవరైనా తమ ఫోన్లో దాచుకుని ఉంటే అది నా చేతిలో లేదమ్మా. కొన్నాళ్లు మా ఇంట్లో పడుకోండి."

పది రోజులు పడుకున్నారు. మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు, కత్తెరక్క చెయ్యి కత్తెర మీదికి పోయేది. ఎవరూ రాలేదు.

ఇప్పుడు చీటీల మీద అంకె ఒక్కటే ఉంటుంది, పేర్లు సొరుగులోని నోటు పుస్తకంలో ఉంటాయి. మామ అరుగుకు వెలి తీసేసింది. గుడ్డ మీద ముందు సుద్దగీత గీసి, చూసుకున్నాకే కత్తెర పెడతాం కదా, ఫొటోకి మాత్రం అదెందుకు లేదని ఆవిడే అడిగింది. రెండోమనిషి చూసి సరేననేదాకా ఏ ఫొటో బయటికి పోకుండా తన అరుగుకు మామ చేత ఏర్పాటు చేయించింది. మిగతా అరుగులవాళ్లూ ఒక్కొక్కరే పెట్టుకుంటున్నారు. కత్తెరక్క ఫొటోలకు రెండోమనిషి మామే. ప్రతిదానికీ ఒకటే రాస్తాడు: "చీటీ లేదు. కుచ్చిళ్లు వంకర. పోనీ."