అవ్వ ఇసుర్రాయిలో పిట్ట

తప్పులుంటే మన్నించండి. ఒక్క వేలితో కొడుతున్నాను. నా చేతిరాతే బాగుండదు, ఫోన్‌లో స్పెల్లింగ్ ఇంకా ఆగం.

నిన్న పొద్దున మనవరాలు ఫోన్ చూసి, "తాతా, జర్మనీల ఉండే సాయిలు తాత పోయిండంట" అన్నది.

చేతిలో చాయ్ అట్లనే చల్లారింది.

సాయిలు పెద్ద ఆర్టిస్టు అని ఈ గ్రూపులో మీకందరికీ తెలుసు. రాతిబొమ్మలు చెక్కాడు. రాయి మీద బొమ్మ గీసి, కాగితం మీద అచ్చు తీసేవాడు. ఆ దేశం మ్యూజియంలో పెట్టారట. అదంతా చెప్పడానికి నా చదువు చాలదు.

అతని మొదటి అచ్చు మాత్రం నా కళ్ల ముందు పడింది.

యాభైలలో మాట. కల్వకుర్తి దగ్గర మా ఊరు. మాది గొర్లు కాసే ఇల్లు. సాయిలు నాయిన బాలయ్య రాళ్లు కొట్టేవాడు. ఇసుర్రాయి అరిగి నున్నగా అయితే ఉలితో గాట్లు పెట్టేవాడు. అప్పుడే జొన్నలు మెత్తగా నలుగుతాయి.

ఆసారి మా అవ్వ ఇసుర్రాయికి సాయిలు గాట్లు పెట్టాడు. అప్పటికి మా ఇద్దరికీ మీసాలు వచ్చాయి.

పిండి బరకబరకగా పడింది. అవ్వ బాలయ్యను పిలిపించింది. వెంట సాయిలూ వచ్చాడు. వాకిట్లో పై రాయి లేపగానే చినుకులు. పిండి తడుస్తుందని అవ్వ తన నల్ల గొంగడి కింది రాయి మీద కప్పింది.

వాన ఆగినాక తీసింది.

నల్ల గొంగడి మీద తెల్లటి పిట్ట!

ముక్కు, తోక, రెక్కల్లో ఈకలు కూడా. గాట్లలో నిండిన పిండి తడి ఉన్నికి అంటింది. రాయి మీద కుడికి చూసే పిట్ట గొంగడి మీద ఎడమకు చూస్తోంది.

సాయిలు రాయిని చూస్తాడు, గొంగడిని చూస్తాడు. చెక్కింది తనే. ఇట్లా లేచి వస్తుందని తనకూ తెలియదు.



"గాట్లు పెట్టుమంటే పిట్టను పెట్టినవారా? ఇగ దీనికి తిండి గూడ నేనే పెట్టాలెనా?" అన్నది అవ్వ.

నేను నవ్వాను. బాలయ్య నవ్వలేదు.

"గిట్ల రాళ్లు కరాబు చేస్తే ఊర్లె మనల్ని ఎవలు పిలుస్తరు? రేపటి సంది ఉలి ముట్టకు" అని, పిట్టను చెరిపేయడానికి సుత్తి ఎత్తాడు.

అవ్వ రాయి మీద చెయ్యి పెట్టింది.

"ఆగు బాలయ్యా. బరకగ వస్తే రొట్టెలకు బదులు జొన్న గట్క వండుకుంటం. పోరని చేతిల ఉలి గుంజుకోకు."

సుత్తి దిగింది.

ఆ ఉలితోనే సాయిలు హైదరాబాద్‌లో బొమ్మల కాలేజీకి పోయాడు. అక్కడి నుంచి జర్మనీ.

అరవైలలో ఒకసారి వచ్చాడు. మనిషంత కాగితం చుట్ట విప్పి అవ్వ ముందు పరిచాడు. అంతా నలుపు. నడుమ తెల్ల పిట్ట.

"గంత దూరం పోయి గదే పిట్టనా కొడుకా?"

"గదే నాకు తిండి పెడుతాందవ్వా."

అవ్వ లోపలికి పోయింది. గట్క గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది.

ఆ ఇసుర్రాయి ఇంకా మా ఇంట్లోనే ఉంది. నిన్న సాయంత్రం మనవరాలు, నేను పై రాయి లేపాం. జొన్నపిండి చల్లి, పైపైన తుడిచి, తడి గొంగడి కప్పాను.

పిట్ట వచ్చింది. రెక్కలు అరిగాయి. ముక్కు అట్లనే ఉంది.

సాయిలూ, నీ ఉలి ఎవ్వరూ గుంజుకోలేదు. ఇగ నువ్వే పక్కన పెట్టి నిమ్మళంగా పండుకో.

ఫోటోలో పిట్ట సరిగ్గా పడలేదు. అతని బిడ్డకు వీడియో కాల్‌లో చూపించాలని ఉంది. ఆమె నంబరు ఎవరి దగ్గరైనా ఉంటే, గొంగడి ఆరి పిండి రాలకముందే, జర జల్దీ జవాబు రాయండి.