ఎదురు నీటిలో డీజిల్

మా వీధిలో ఉండే స్నేహితుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేశాక పాత చేపలవేట పడవ ఒకటి కొన్నాడు. రెండు డీజిల్ ఇంజన్లు, రెండూ వయసు మళ్లినవే. కెనడాలోని సర్రీలో అతని ఇంటి బేస్‌మెంట్‌లో ఆరుగురు విద్యార్థులు అద్దెకుండేవారు. కాలేజీలు మన పిల్లలతో కిటకిటలాడిన సంవత్సరాలవి.

ఒక వేసవి ఆదివారం వేటకు నన్ను పిలిచాడు. మామూలుగా ఇద్దరో ముగ్గురో వెళ్లే పడవ అది. ఆ రోజు పిల్లలందరూ ఎక్కారు. ఇద్దర్ని తీసుకెళ్లి మిగిలినవాళ్లను ఇంట్లో వదిలెయ్యడం అతనికి చేతకాదు. బిర్యానీ గిన్నెలు, నీళ్ల క్యాన్లు, ఐసు పెట్టె కూడా ఎక్కాయి. పడవ వెనకభాగం కిందికి దిగడం నాకు రేవు మీది నుంచే కనిపించింది. వాతావరణం ప్రశాంతంగా ఉందని నేను పొద్దున్నే డైరీలో రాసేసుకున్నాను.

ఒకప్పుడు బస్సు డిపోలో డీజిల్ లెక్కలు చూసినవాణ్ని కనక, "గంటకెంత తాగుతుందండీ?" అని అడిగాను.

"గంట లెక్కెందుకు సార్, మైలేజీ చూడండి!" అన్నాడు. నది మీదుగా సముద్రానికి వెళ్తున్నంతసేపూ ఫోన్‌లో దూరం చూస్తూ, ఇంధనం ముల్లు చూస్తూ, "ఎంత బాగా ఇస్తోందో!" అని మురిసిపోయాడు. కొండల్లో మంచు కరిగి నది నిండుగా ఉంది. ఆటు మొదలై నీరంతా సముద్రంలోకే పోతోంది. మమ్మల్ని సగం మోసింది ఆ నీరే. బస్సు ట్రాఫిక్‌లో నిలబడినా డీజిల్ తాగుతూనే ఉంటుందని చెప్పాను. నవ్వాడు.

చేపలు పడలేదు. మధ్యాహ్నం తిరుగుముఖం పట్టేసరికి గాలి లేచింది. ఆటు ఇంకా జోరుగానే ఉంది. నది నోట్లో ఆ నీటికి గాలి ఎదురై అలలు గోడల్లా లేస్తున్నాయి. మామూలు వేగం అందుకోవాలని అతను ఇంజన్లు పెంచాడు. అంత బరువుతో పడవ నీటి మీదికి లేవలేకపోయింది. ముక్కు పైకెత్తి, తోక ఈడ్చుకుంటూ, వెనక నల్లటి పొగ వదిలింది. ముల్లు కళ్లముందే దిగింది.

"తగ్గించండి," అన్నాను. తగ్గించాడు. డీజిల్ ఆదా అయింది కానీ, ఒడ్డున ఉన్న ఎర్రదీపం స్తంభం ఉన్నచోటే ఉండిపోయింది.

"అంకుల్, మనం ముంగటికి పోతున్నమా?" వరంగల్ నుంచి వచ్చిన అమ్మాయి అడిగింది.

"బిర్యానీ అంతా నువ్వే లాగించావ్, పడవ నిన్ను మొయ్యలేకపోతోంది," అన్నాడు గుంటూరు కుర్రాడు.

"నోర్ముయ్‌రా," అందామె.

ఎడమ ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఒక్క ఇంజన్ బలం చాలక పడవ పక్కకు తిరిగి, ఇసుకమేటల మీద అలలు విరిగేవైపు కొట్టుకుపోసాగింది. స్నేహితుడు కోస్ట్‌గార్డును పిలవడానికి రేడియో మైకు అందుకున్నాడు.

"వద్దంకుల్!" ఆ అమ్మాయి అతని చెయ్యి పట్టుకుంది. "గవర్నమెంటోళ్లు మా పేర్లు రాస్కుంటరు. రేపు ఈడ్నే ఉండనిచ్చే పీఆర్ ఫైల్‌ల పడితే?"

"నేను వర్క్ పర్మిట్‌కి అప్లై చేసున్నా అంకుల్. కాసేపు చూద్దాం, ప్లీజ్," అన్నాడు కుర్రాడు. మిగతావాళ్లూ తలలూపారు. చుట్టూ అంత నీళ్లుండగా వాళ్లు భయపడింది కాగితానికి.

నా స్నేహితుడి చెయ్యి వెనక్కి తగ్గింది. వాళ్ల మాట విన్నాడని నాకర్థమైంది. ఇసుక మీద విరిగే అలల చప్పుడు ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది.

"సముద్రంలో పడవ ఆగితే పర్మిట్లు ఆగవమ్మా," అన్నాను. నిజమో కాదో నాకూ తెలియదు. మైకు నేనే తీసుకున్నాను. అవతలి గొంతు, ఎక్కడున్నారు, ఎంతమంది, అని తొందర లేకుండా అడిగింది. లంగరు వెయ్యమంది. అది రెండుసార్లు జారి, మూడోసారి పట్టుకుంది.

కోస్ట్‌గార్డు ఎర్రటి పడవ వచ్చి మాకు తాడు కట్టింది. రేవుదాకా లాగుతున్నంతసేపూ ఆ పిల్లలు జాకెట్ల హుడ్‌లు ముఖాల మీదికి లాక్కుని, పడవలో కిందే ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. తాడు విసిరిన మనిషి దుప్పట్లు కావాలా అని అరిచి అడిగితే, చలికి వణుకుతూనే ఒక్కరూ తల ఎత్తలేదు.