మీట బిగుసుకున్న ట్రంపెట్

పాడైన ట్రంపెట్‌ను పారేయకుండా దానికి తగ్గ బాణీ కట్టే మనిషిది ఓర్పా, మొండితనమా? ఇప్పటికీ తేలలేదు. సీతాఫల్‌మండి స్కూల్లో బ్యాండు మాస్టారు ఏసురత్నం అలాంటివాడే. బ్యాండులో సువార్త అనే పిల్ల ఊదే ట్రంపెట్‌లో ఒక మీట బిగుసుకుపోయింది. ఆ మీటతో పనిలేని స్వరాలే ఏరి, సన్నగా ఈల వేసుకుంటూ, ఆ పిల్ల వంతు రాసేవాడు. వార్షికోత్సవానికి కట్టిన కొత్త మార్చ్ బాణీలో ఒకచోట సువార్త ఒక్కతే ఊదాలి.

పిల్లలు వేదికెక్కాక ప్రిన్సిపాల్ లూకా అతని చెవిలో అన్నాడు: "పరేషాన్ గాకుండ్రి మాస్టారూ, స్పీకర్ల రికార్డు పెడ్తున్నం. పిల్లలు ఊదినట్టు చేస్తే సాలు."

"మరి సువార్త?"

"ఆ ఖరాబు ట్రంపెట్‌కు సోలో సుతనా? జెర నవ్వుకుంట నిలవడమనుండ్రి."

రికార్డులో ఎవరిదో మార్చ్ మొదలైంది. సువార్త ట్రంపెట్‌ను పెదవులకు ఆనించి, తన వంతు కోసం మాస్టారి చేతికేసే చూస్తోంది. ఎత్తిన చెయ్యి ఎప్పుడు దించాలో అతనికి తెలియలేదు. రికార్డు అయిపోయి, చప్పట్లు ఆగకముందే, ఎవరితోనూ చెప్పకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు.